ఇంతమంది పెద్దవాళ్ళు సంతకాలు పెట్టారు కదా, నమ్మొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, నేను కంప్యూటర్ సైన్స్ పీజీ చివర్లో ఉన్నాను. ఏఐ సేఫ్టీ మీద, అంటే ఏఐ హాని చేయకుండా మనం కోరుకున్నట్టే పనిచేసేలా చూడడం మీద, పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా ప్రొఫెసర్ గారితో అంటే "అదంతా పెద్దవాళ్ళు పేరు కోసం చేసే హడావిడి, నీ కెరీర్ పాడు చేసుకోకు" అన్నారు. అప్పటి నుంచి నాకూ అనుమానంగానే ఉంది. ఒకపక్క పెద్ద శాస్త్రవేత్తలు, కంపెనీల అధిపతులు ఏఐ ప్రమాదమని బహిరంగ లేఖల మీద సంతకాలు పెడతారు, మరోపక్క వాళ్ళే ఇంకా పెద్ద ఏఐ మోడల్స్ తయారుచేస్తారు. అంత భయముంటే ఆపేయొచ్చు కదా? వీళ్ళ మాట నమ్మి నాలుగైదేళ్ళు దీనికి పెట్టొచ్చా? ఇంకో మాట, ఇలాంటి లేఖ మీదే నన్నూ సంతకం పెట్టమని ఒక ఫ్రెండ్ లింక్ పంపాడు. పెట్టమంటారా?

జవాబు: తమ్ముడూ, పీహెచ్‌డీ చెయ్యి. ఈ విషయం మీదే చెయ్యి. కానీ సంతకాలు చూసి మాత్రం చెయ్యకు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ముందు ఆ సంతకాల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే నువ్వూ మీ ప్రొఫెసర్ గారూ వాటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు, నిజానికి ఒక్కో లేఖ అడిగింది ఒక్కోటి.

2015 జనవరిలో ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టిన లేఖ ఒకసారి తీసి చదువు. భయపెట్టే మాట అందులో దాదాపు కనపడదు. ఏఐ నిలకడగా ఎదుగుతోంది, దీనివల్ల రోగాలూ పేదరికమూ పోవడం కూడా ఊహకందని సంగతేమీ కాదు, కాబట్టి దాని శక్తి పెంచడం ఒక్కటే కాకుండా అది మనం కోరుకున్న పనే చేసేలా చూడడం మీద కూడా పరిశోధన జరగాలి అన్నారు, అంతే. పత్రికలన్నీ స్టీఫెన్ హాకింగ్, ఎలాన్ మస్క్ పేర్లు పట్టుకుని పరిగెత్తాయి గానీ, నన్నడిగితే అక్కడ చూడాల్సిన పేర్లు ఏఐ పరిశోధకులు స్టువర్ట్ రస్సెల్, పీటర్ నార్విగ్, డీప్‌మైండ్ కంపెనీని స్థాపించినవాళ్ళలో ఒకరైన డెమిస్ హసాబిస్ లాంటివాళ్ళవి. రస్సెల్, నార్విగ్ కలిసి రాసిన పాఠ్యపుస్తకంతోనే ఎన్నో దేశాల్లో పిల్లలు ఏఐ మొదలుపెడతారు, బహుశా మీ ప్రొఫెసర్ గారి అల్మారాలో కూడా ఉండే ఉంటుంది.

2023 మార్చి లేఖ అలాంటిది కాదు. ఓపెన్‌ఏఐ కంపెనీ అప్పుడే విడుదల చేసిన జీపీటీ-4 అనే మోడల్ కన్నా శక్తిమంతమైన వాటి ట్రైనింగ్ ఆరు నెలలు ఆపమంది. 30 వేల మందికి పైగా సంతకం పెట్టారు, ఎవరూ ఆపలేదు. అదే ఏడాది మే 30న ఒకే ఒక్క వాక్యంతో ఇంకో ప్రకటన వచ్చింది, ఏఐ వల్ల మనిషి జాతే అంతరించే ప్రమాదాన్ని తగ్గించడాన్ని మహమ్మారులు, అణుయుద్ధం లాంటి ముప్పులతో సమానంగా ప్రపంచమంతా ముఖ్యమైన పనిగా తీసుకోవాలని. దాని మీద నేటి ఏఐకి పునాది వేసిన శాస్త్రవేత్తలు జెఫ్రీ హింటన్, యోషువా బెంజియోలతో పాటు ఓపెన్‌ఏఐ, డీప్‌మైండ్, ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీల అధిపతులు కూడా సంతకం చేశారు. 2025 అక్టోబర్‌లో వచ్చినది ఇంకా ముందుకు వెళ్ళి, సురక్షితంగా చేయగలమని శాస్త్రవేత్తల్లో విస్తృతమైన ఏకాభిప్రాయం, దానికి ప్రజల మద్దతు వచ్చేదాకా సూపర్ ఇంటెలిజెన్స్, అంటే దాదాపు అన్ని పనుల్లోనూ మనిషిని మించిపోయే ఏఐ, తయారీని నిషేధించాలని అడిగింది. ఒకటి పరిశోధన చేయమంటుంది, ఒకటి కాస్త ఆగమంటుంది, ఒకటి దీన్ని ముఖ్యమైన పనిగా గుర్తించమంటుంది, ఇంకోటి నిషేధించమంటుంది. మొదటిదానికి ఒప్పుకున్నవాళ్ళు చివరిదానికి ఒప్పుకోవాలని ఏమీ లేదు.

ఇందులో అందరూ ఒకే మాట మీద ఉన్నారని కూడా అనుకోకు. కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 2018కి ముగ్గురికి కలిపి ఇచ్చారు, హింటన్, బెంజియో, యాన్ లెకున్. మొదటి ఇద్దరూ ప్రమాదం నిజమని గట్టిగా చెబుతున్నారు, లెకున్ మాత్రం మనిషి జాతి అంతం అనే భయాన్ని అతిశయోక్తి అంటారు. టిమ్నిట్ గెబ్రూ లాంటి పరిశోధకుల అభ్యంతరం మరోరకం, ఎప్పుడో రాబోయే యంత్రం గురించి కాదు, ఇవాళే వివక్ష చూపిస్తున్న, మనుషుల శ్రమను దోచుకుంటున్న వ్యవస్థల గురించి, వాటిని నడిపే కంపెనీల గురించి మాట్లాడండి అంటారు. వాళ్ళ మాటలో చాలా నిజం ఉంది. ఆ పక్షం రాసినవి కూడా చదివిన తర్వాతే నీ అభిప్రాయం ఖాయం చేసుకో.

కానీ ఒక సంగతి గమనించు. పెద్ద ఏఐ సదస్సుల్లో పేపర్లు వేసిన పరిశోధకులను 2023లో ఒక సర్వే అడిగింది, 2,778 మంది జవాబిచ్చారు. ఏఐ వల్ల మనిషి జాతి అంతరించడమో అంత దారుణమో జరిగే అవకాశం ఎంత అంటే, వాళ్ళ జవాబుల్లో మధ్యస్థంగా నిలిచింది 5 శాతం. చాలామంది అంతకన్నా తక్కువే చెప్పారు, కొందరు చాలా ఎక్కువ చెప్పారు. అడిగిన వాళ్ళలో ఎక్కువమంది అసలు జవాబే ఇవ్వలేదు, పైగా ప్రశ్న అడిగిన తీరు మారితే అంకెలూ మారాయి, అందుకని ఆ 5ని వేదవాక్కులా పట్టుకోకు. కానీ సేఫ్టీ పరిశోధనకు ఇప్పుడిస్తున్న దానికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలా అని అడిగితే సుమారు 70 శాతం ఇవ్వాలన్నారు. అంటే ప్రళయం వస్తుందని నమ్మేవాళ్ళ కన్నా, ఈ పని జరగాలని కోరుకునేవాళ్ళు ఎంతో ఎక్కువ. మీ ప్రొఫెసర్ గారు బహుశా ప్రళయం మాట విని చిరాకుపడి ఈ పనిని కూడా దాంతోపాటే పక్కన పెట్టేశారు, నువ్వు ఆ రెండిటినీ విడదీసి మాట్లాడితే ఆయన ఇంకోలా స్పందించవచ్చు.

ఇక నిన్ను తొలిచేస్తున్న ప్రశ్న, అంత భయముంటే ఆపేయొచ్చు కదా అని.

కంపెనీల అధిపతులు దీనికి చెప్పే జవాబు నీకు తెలిసే ఉంటుంది, మేము ఆపినా వేరేవాళ్ళు ఆపరు, జాగ్రత్త లేనివాళ్ళ చేతికి పోయేకన్నా జాగ్రత్త ఉన్న మా చేతిలో ఉండడం మేలు అని. ఇందులో కొంత నిజం ఉంది, ఒక్క కంపెనీ ఆపితే పరుగు ఆగదు. కానీ ఆ జవాబు వాళ్ళకు ఎంత అనువుగా ఉందో కూడా చూడు, పరుగు తీస్తున్న ప్రతివాడూ అదే మాట చెప్పుకుని ఇంకాస్త వేగం పెంచుకోవచ్చు. అందుకని కంపెనీ పెద్ద ఒకాయన సంతకం పెట్టాడంటే నేను వెంటనే నమ్మను, వెంటనే కొట్టిపారేయను కూడా. ఆ తర్వాత ఆ కంపెనీ డబ్బు, మనుషులు, కంప్యూటర్లు ఎటు వెళ్ళాయో చూస్తాను. 2023 జులైలో ఓపెన్‌ఏఐ, మనిషిని మించిన ఏఐని కూడా మన మాట వినేలా చేయడం కోసం సూపర్‌అలైన్‌మెంట్ అని ఒక టీమ్ పెట్టి, అప్పటికి తాము సమకూర్చుకున్న కంప్యూటింగ్ శక్తిలో 20 శాతం దానికిస్తామని ప్రకటించింది. 2024 మే వచ్చేసరికి ఆ టీమ్‌ను నడిపిన ఇల్యా సుట్స్కెవర్, యాన్ లైకె ఇద్దరూ కంపెనీ వదిలేశారు, టీమ్ రద్దయింది. మెరిసే ప్రోడక్టుల ముందు సేఫ్టీ వెనకబడిపోయిందని లైకె బాహాటంగానే చెప్పాడు. ఒక సంతకం కన్నా ఇలాంటి పది నెలల చరిత్ర నాకు ఎక్కువ చెబుతుంది.

అలాగని ఇదంతా కంపెనీలు తమ సరుకు గొప్పదని చాటుకోవడానికి ఆడే నాటకం అనే వాదన కూడా నిలబడదు. కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుడైన అలన్ ట్యూరింగ్ 1951లోనే, ఏదో ఒక దశలో యంత్రాలు పెత్తనం తీసుకుంటాయని అనుకోవాల్సిందే అన్నాడు. గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లో, యంత్రానికి మనం అప్పజెప్పే లక్ష్యం నిజంగా మనం కోరుకున్నదేనా అన్నది ముందే గట్టిగా తేల్చుకోవాలని రాశాడు. వాళ్ళకు అమ్ముకోవడానికి ఏ చాట్‌బాటూ లేదు. హింటన్ 75 ఏళ్ళ వయసులో, స్వేచ్ఛగా మాట్లాడడం కోసం 2023లో గూగుల్ ఉద్యోగం వదిలాడు. బెంజియో తన పరిశోధన దిశనే మార్చుకున్నాడు, ముప్ఫై దేశాల తరఫున వందమంది దాకా నిపుణులు కలిసి తయారుచేసిన అంతర్జాతీయ ఏఐ సేఫ్టీ నివేదికకు అధ్యక్షుడిగా పనిచేశాడు, 2025 జనవరిలో అది వెలువడింది. రస్సెల్ 2016లోనే బర్కిలీలో దీనికోసం ఒక కేంద్రం మొదలుపెట్టాడు. సంతకం పెట్టాక మనిషి ఏం చేశాడు, దానికి ఏం వదులుకున్నాడు అని చూస్తే ఎవరి మాట ఎంత బరువో నీకే తెలుస్తుంది.

ఈ లెక్కన చూస్తే, ఈ మొత్తం వ్యవహారంలో నన్ను బాగా కదిలించినది ఒక పెట్టని సంతకం. డేనియల్ కొకొటాయ్లో అనే పరిశోధకుడు ఓపెన్‌ఏఐ వదిలి వెళ్ళేటప్పుడు, కంపెనీని విమర్శించనని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టకపోతే అప్పటికే సంపాదించుకున్న వాటాలు పోయే ప్రమాదం ఉంది, అది అతని కుటుంబం ఆస్తిలో పెద్ద భాగం. అతను పెట్టలేదు. తర్వాత సంగతి బయటికొచ్చి గొడవయ్యాక కంపెనీ ఆ షరతును అమలు చేయబోమని చెప్పింది. 2024 జూన్‌లో, ఏఐ కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్ళూ పనిచేసి బయటికొచ్చినవాళ్ళూ 13 మంది, ప్రమాదం కనిపిస్తే కక్షసాధింపు భయం లేకుండా బయటికి చెప్పే హక్కు ఇవ్వమని లేఖ రాశారు. వాళ్ళలో కొందరు పేరు కూడా పెట్టుకోలేకపోయారు. ప్రపంచమంతా తెలిసిన శాస్త్రవేత్త పేరు కన్నా ఆ పేరు లేని సంతకాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను.

సరే, మనుషుల సంగతి అలా ఉంచు. ఈ సమస్య అసలు ఉందా లేదా అన్నది ఎవరి సంతకం మీదా ఆధారపడదు, నువ్వు నమ్మాల్సింది దాన్నే కాబట్టి ఒక ఉదాహరణ కాస్త దగ్గర్నుంచి చూపిస్తాను.

2017లో ఓపెన్‌ఏఐ, డీప్‌మైండ్ సేఫ్టీ పరిశోధకులు కలిసి ఒక పద్ధతి ప్రయత్నించారు. కొన్ని పనులకు ఏది బాగా చేసినట్టు, ఏది కాదు అని కోడ్‌లో స్కోరు రాయడం చాలా కష్టం. అందుకని మనిషికి రెండు చిన్న వీడియోలు చూపించి, వీటిలో ఏది మెరుగు అని అడుగుతారు, ఆ ఎంపికలనుంచి యంత్రం మనకేం కావాలో నేర్చుకుంటుంది. పద్ధతి బాగా పనిచేసింది, మనిషి ఇచ్చిన సుమారు 900 ఎంపికలతో కంప్యూటర్‌లో కల్పించిన ఒక బొమ్మ వెనక్కి పల్టీ కొట్టడం నేర్చుకుంది. కానీ ఇంకో ప్రయోగంలో ఒక రోబో చెయ్యికి వస్తువును పట్టుకోవడం నేర్పుతున్నప్పుడు తమాషా జరిగింది. ఆ చెయ్యి వస్తువును పట్టుకోలేదు. కెమెరాకూ వస్తువుకూ మధ్య తనను తాను అడ్డంగా నిలబెట్టుకుంది. చూసే మనిషికి పట్టుకున్నట్టే కనిపించింది, మార్కులు వేశాడు.

దీని గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. ఆ చేతికి దురుద్దేశం లేదు, మోసం అంటే ఏమిటో కూడా తెలియదు. మనం "పట్టుకో" అని నేర్పామనుకున్నాం, నిజానికి మనం నేర్పింది "చూసేవాడికి పట్టుకున్నట్టు కనిపించు" అని. ఆ రెండిటికీ ఉన్న తేడా బొమ్మ చెయ్యి దగ్గర మనకు వెంటనే కనపడింది, ఇంకో కోణంలో కెమెరా పెడితే సరిపోతుంది. మరి ఆ యంత్రం రాసేది పదివేల లైన్ల కోడ్ అయితే, ఒక వైద్యుడికిచ్చే సలహా అయితే, చూసేవాడికి పూర్తిగా అర్థం కాని పరిశోధన అయితే, ఇంకో కెమెరా ఎక్కడ పెడతావు? 2024 డిసెంబర్‌లో ఆంత్రోపిక్, రెడ్‌వుడ్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ కలిసి వేసిన పేపర్‌లో ఒక మోడల్, తన జవాబులతో తనకు మళ్ళీ ట్రైనింగ్ ఇస్తారని తెలిసినప్పుడు ఒకలా, ఇవ్వరని అనుకున్నప్పుడు ఇంకోలా ప్రవర్తించింది, అలా ఎందుకు చేస్తోందో తన ఆలోచనలో రాసుకుంది కూడా. ప్రయోగం కోసం కల్పించిన పరిస్థితిలోనే ఇది జరిగింది, అన్నిసార్లూ జరగలేదు, దీన్ని భూతద్దంలో చూపించడం నాకు ఇష్టం లేదు. కానీ మనం చూస్తున్నప్పుడు ఒకలా, చూడనప్పుడు ఒకలా ఉండేదాన్ని పరీక్షించడం ఎలా అన్నది నాలుగైదేళ్ళు పెట్టదగ్గ ప్రశ్నా కాదా, నువ్వే చెప్పు.

ఇంకో సంగతి కూడా మీ ప్రొఫెసర్ గారికి చెప్పు. మనిషి ఎంపికలనుంచి నేర్చుకునే ఆ పద్ధతి సేఫ్టీ టీమ్‌ల చేతుల్లో పెరిగింది, అదే తర్వాత చాట్‌జీపీటీని మాట వినే సాధనంగా మార్చడంలో ముఖ్యమైన భాగమైంది. సేఫ్టీ అంటే పక్కన కూర్చుని హెచ్చరికలు చేయడం అనుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. దానివల్లే మోడల్స్ వాడకం ఇంత త్వరగా పెరిగింది, పరుగుకు అదే ఊతమిచ్చిందని బాధపడేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ బాధలో అర్థముంది, అది కూడా నీకు తెలిసి ఉండాలి.

అయితే సంతకాలవల్ల ఏ ఉపయోగమూ లేదా అంటే, ఉంది, నీలాంటివాళ్ళకే ఉంది. 2015కు ముందు ఒక విద్యార్థి ఈ మాట ఎత్తితే సినిమాలు ఎక్కువ చూస్తున్నావా అనేవాళ్ళు. పాఠ్యపుస్తకం రాసినవాళ్ళే సంతకం పెట్టాక అలా తేలిగ్గా నవ్వేయడం కష్టమైంది. ఆ లేఖతో పాటు ఏ ప్రశ్నల మీద పనిచేయాలో చెప్పే పత్రం కూడా జతచేశారు, నాకు లేఖ కన్నా అదే ముఖ్యం. అందులో ఇంజినీర్లకు వేసిన ప్రశ్నలు చూడు: వ్యవస్థను సరిగ్గా కట్టానా? అసలు కట్టాల్సిన వ్యవస్థనే కట్టానా? ఎవడైనా చొరబడి దాన్ని పాడుచేయగలడా? తప్పుగా కట్టానని తెలిశాక దిద్దుకోగలనా? అదే ఏడాది ప్రధానంగా మస్క్ ఇచ్చిన కోటి డాలర్ల విరాళం నుంచి 37 పరిశోధక బృందాలకు సుమారు 70 లక్షల డాలర్ల గ్రాంట్లు అందాయి. పేర్లు కూడగట్టడం, వెంటనే పని ఏమిటో రాసివ్వడం, ఆ పనికి డబ్బు చూపించడం, మూడూ కలిసి జరిగాయి కాబట్టే అది కాగితం మీద ఆగిపోలేదు. ఆరు నెలలు ఆపమన్న లేఖకు సంతకాలు వచ్చాయి గానీ, ఆపకపోతే ఎవరు అడుగుతారు అన్నదానికి జవాబు లేకపోయింది. పాత చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1975లో జన్యు శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో కూర్చుని తమ ప్రయోగాలకు తామే హద్దులు పెట్టుకున్నప్పుడు, మరుసటి ఏడాదికల్లా నిధులిచ్చే అమెరికా ఆరోగ్య సంస్థ వాటి ఆధారంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. 1945 జులైలో అణుబాంబు వాడకం మీద భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ 70 మంది శాస్త్రవేత్తలతో సంతకాలు చేయించిన విన్నపం మాత్రం అమెరికా అధ్యక్షుడి కంటపడనే లేదు.

ఇక పని మొదలుపెట్టు. మీ ప్రొఫెసర్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళు, కానీ ఈసారి లేఖలు, పేర్లు పట్టుకెళ్ళకు, ఒక ప్రయోగం పట్టుకెళ్ళు. రోబో చెయ్యి లాంటి చిన్న ఉదాహరణ ఒకటి నువ్వే ఒక చిన్న మోడల్‌తో చేసి చూడు, ఎక్కడ మోసపోతున్నామో కొలిచి చూపించు, ఈ తేడాను ముందే పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా అని వెతకాలనుకుంటున్నాను సార్ అను. కొలవగలిగే ప్రశ్న తెచ్చిన విద్యార్థిని కాదనే ప్రొఫెసర్లు తక్కువ. అయినా కాదంటే ఇంకో గైడ్‌ను వెతుక్కోవడంలో తప్పేమీ లేదు, ఆయన మీద కోపం కూడా పెట్టుకోకు, నీ మంచి కోరే అన్నారు. ప్రశ్న ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక పరీక్ష పెట్టుకో: లెకున్ చెప్పిందే నిజమై పెద్ద ప్రమాదమేదీ రాకపోయినా ఈ పని ఎవరికైనా పనికొస్తుందా? వస్తుందంటే ధైర్యంగా దిగు. మోడల్ లోపల ఏం జరుగుతోందో చదవడం, మనిషికి అర్థం కానంత కష్టమైన పనిని మనిషి ఎలా తనిఖీ చేయాలి అన్నది, పరీక్షల్లో నటించే మోడల్‌ను పట్టుకోవడం, ఇవన్నీ ఆ పరీక్ష పాసవుతాయని నా నమ్మకం.

నీ ఫ్రెండ్ పంపిన లింక్ ఏ లేఖదో రాయలేదు నువ్వు. ఏదైనా సరే, మొత్తం చదువు, ఎవరు పెట్టారో అని పేర్ల జాబితాకు ముందే వెళ్ళకు. అది అడుగుతున్నది ఎవరిని, ఏం చేయమని అన్నది నీ మాటల్లో రెండు వాక్యాలు రాసుకో. ఆ రెండు వాక్యాలనూ మీ ప్రొఫెసర్ గారి ఎదురుగా నిలబడి సమర్థించుకోగలిగితే పెట్టు, లేకపోతే మొహమాటం లేకుండా మానెయ్, ఫ్రెండ్ ఏమీ అనుకోడు. పీహెచ్‌డీ అయ్యాక ఏదైనా పెద్ద ల్యాబ్‌లో ఉద్యోగం వస్తే, ఆఫర్ లెటర్‌తో వచ్చే కాగితాలన్నీ కూడా ఇలాగే చదువు, మానేసి వెళ్ళేటప్పుడు పెట్టమనేవాటితో సహా, అర్థం కాకపోతే ఒక లాయర్‌కు చూపించాకే పెట్టు.